ఎరుపు కాదు, బెల్లంరంగు

సిరిసిల్ల అక్కకు, సిమ్లా కొండ మీదికెల్లి తమ్ముడు రాజేశం మొక్కి రాసేది. నువ్వు, బావ, పిల్లలు అందరి పాణం మంచిగున్నదా? నేను మంచిగున్న. నాకేం ఫికర్ లేదు, నువ్వు పెట్టుకోకు.

ఇక్కడ చలి తగ్గింది. రోజూ రొట్టెలే, పుల్లటి చారు లేక నాలుక చచ్చింది. ఎవరన్న ఇటు వస్తే చింతపండు పంపు. పని పూల నర్సరీల. ఐరిస్ అని ఒక పువ్వు, దాని దుంప అచ్చం పసుపుకొమ్మే. మన కోరుట్ల దిక్కు పసుపు పెట్టినట్టు లోతుగ పాతిపెట్టిన. సేటు నెత్తి కొట్టుకుండు. దీని వీపు ఎండకు కనపడాలెనట. మళ్ల అన్నీ పైకి తీసిన. ఇప్పుడు నాకన్న మంచిగ నాటేటోడు ఈ తోటల లేడు, నవ్వకు.

ఐరిస్‌ల అన్ని రంగులున్నయి గని అసలైన ఎరుపు లేదు. అందుకే ఢిల్లీ గిరాకీలకు ఎరుపే కావాలె. కొంచెం ఎర్రగ పూస్తే చాలు, ఎగబడుతరు. నాకు నవ్వొచ్చింది అక్క. పెండ్లి చీరల కోసం నూలుకు ఎరుపు అద్దితే, "ఈ జెండాలు అడవిల ఏ అన్నలకురా?" అని పోలీసోళ్లు నన్ను ఠాణాల కొట్టిరి కదా. గందుకే ఇల్లిడిసి ఇంత దూరం వచ్చిన. గా ఎరుపు కోసమే ఇక్కడ పాణమిడుస్తున్నరు.

నాకు మాత్రం బెల్లంరంగు ఐరిస్ మీద మనసు. నీ చీర రంగది. వాడకట్టంత ముసలిరంగని నవ్వినా నువ్వు కట్టుడు మానలేదు. ఒక మడి నిండ నేనే పెంచిన. మొన్న సేటు వచ్చి, "ఈ మట్టిరంగు ఎవరు కొంటరు? పీకేసి ఎర్రవి పెట్టు" అన్నడు.

"తోటంత నీ ఎరుపే పెడత సేటు. గీ ఒక్క మడి ముట్టనియ్య."

"ఠాణా దెబ్బలకు ఎరుపంటే భయమా?"

"భయమైతే తోటంత ఎట్ల పెడత? ఏండ్లకేండ్లు అద్దకం చేసినోణ్ణి. నాకేది నచ్చాల్నో ఇంకొకలు చెప్పేదేంది?"

పని పోయిందనే అనుకున్న. ఆయన మడి చుట్టు తిరిగి చూసి, "ఉండనియ్" అని పోయిండు. ఆ పూలు కొన్నోళ్లు ఇంకా ఒక్కలు లేరు. అయినా మడి ఉన్నది, నేనున్న.

బావకు, అత్తమ్మకు నా దండాలు చెప్పు. నన్ను సల్లగుండుమని దీవించు. ఈ కవర్ల ఒక పూరేకు పెట్టిన. ఎండితే కొంచెం ఎర్రబడ్డట్టు కనపడుతది. పోలీసోళ్లు ఉత్తరం విప్పి అడిగితే బెదరకు. ఇది ఎరుపు కాదు సారూ, మా తమ్మునికి నచ్చిన రంగు అని చెప్పు.

నీ తమ్ముడు
రాజేశం