అది వేడెక్కితే నోరు మూయదు

బావగారికి నమస్కారాలు. ఇక్కడ అంతా క్షేమం, కారు తప్ప.

పొద్దున్నే బేకరీ నుంచి బయల్దేరినప్పుడు బుద్ధిగానే ఉంటుంది. నాలుగు దుకాణాలకు రొట్టెలు వేసి ఎర్రలైటు దగ్గర ఆగామా, గజగజ వణికి ఆగిపోతుంది. ఇక్కడి మెకానిక్ ముందు మాత్రం నంగనాచిలా నిలబడుతుంది. పొగ పరీక్ష రెండుసార్లు తప్పింది. సోమవారం మూడోది. అదీ తప్పితే రోడ్డెక్కనివ్వరు, నా వ్యాపారం మూతబడుతుంది. జబ్బేమిటో తేలేదాకా నేను వదిలిపెట్టను. మీ షెడ్డు అనుభవంతో దారి చూపండి.

ఇట్లు,
మీ చెల్లెలి మొగుడు

తా.క.: మీ చెల్లెలు కారు అమ్మెయ్యమంటోంది. ముందు జబ్బు, తర్వాతే అమ్మకం అన్నాను.

*

బావా, ఇక్కడ మేమూ కులాసా.

నీ ఉత్తరం చదవగానే అర్థమైంది. చల్లగా ఉన్నంతసేపూ దాంతో పేచీ లేదు. వేడెక్కాక ఒకసారి తెరిచిందంటే నోరు మూయదు. అదీ అస్తమానం కాదు, దానికి బుద్ధి పుట్టినప్పుడే. వయసైపోయింది కదా, లోపలంతా మసి. ఈసారి వణికితే స్పానరుతో నెత్తిమీద మెల్లగా రెండు తట్టు. దారికొస్తే జబ్బు అదే.

ఉంటాను,
షెడ్డు బావ

తా.క.: కాగితం అయిపోయింది. దాని పేరూ, అది ఉండే చోటూ రేపు రాస్తాను.

*

బావగారూ, కొంప మునిగింది.

మీ ఉత్తరం నాకంటే ముందు మీ చెల్లెలు చదివింది. "పుట్టినప్పటి నుంచీ మా అన్నయ్య నన్ను 'అది' అనే అంటాడు. నేను వేడెక్కితే నోరు మూయనా? నా నెత్తిన స్పానరా?" అని ఇల్లు పీకి పందిరేసింది. కారు సంగతని చెబితే, "కారుకు నోరుంటుందా?" అంటోంది. మీరే సర్దిచెప్పాలి.

దిక్కుతోచని,
మీ బావ

తా.క.: స్పానరు తన తలగడ కింద దాచుకుంది. నేను హాల్లో పడుకుంటున్నాను.

*

బావా, నిన్నటి ఉత్తరం తరువాయి. నీ జాబు ఇంకా అందలేదు.

తట్టినా, కడిగినా మాట వినకపోతే ఇంక భరించకు. పాతదాన్ని వదిలించుకుని కొత్తది తెచ్చుకో. మంచిది నేనే చూసిపెడతాను.

దాని పేరు ఈజీఆర్ వాల్వు. బయటికి పోయే పొగలో కొంత మళ్ళీ ఇంజనులోకి పంపే చిన్న తలుపు. మసి అడ్డుపడి తలుపు మూసుకోకపోతే, బండి ఆగినప్పుడు ఇంజనుకు ఊపిరాడదు. బానెట్ ఎత్తితే వెనకవైపు, గుండ్రంగా డబ్బీ మూతలా కనిపిస్తుంది.

ఉంటాను,
షెడ్డు బావ

తా.క.: చెల్లికి నా ఆశీస్సులు. దాన్ని కంగారుపడొద్దను.

*

ఏమండీ,

అన్నయ్య షెడ్డు నుంచి రాస్తున్నాను. "కొత్తది తెచ్చుకో" దాకా చదివేసరికి ఒళ్ళు మండింది. వాణ్ణి నిలదీద్దామని మీ కారే తీసుకుని బయల్దేరాను. ఊరు దాటకముందే ఎర్రలైటు దగ్గర అది వణికి ఆగింది. వెనక ఒకటే హారన్లు. ఏడుపొచ్చింది. రుమాలు కోసం సంచీలో చెయ్యి పెడితే ఉత్తరం తగిలింది. మిగతా సగం అప్పుడు చదివాను. సిగ్గేసింది, ఆ తర్వాత పట్టుదల వచ్చింది. బానెట్ ఎత్తి, వెంట తెచ్చుకున్న స్పానరుతో ఆ డబ్బీ మీద రెండు తట్టి తాళం తిప్పాను. వణుకు మాయం! దారిలో మళ్ళీ మళ్ళీ ఆగింది. తట్టినప్పుడల్లా లేచింది. ఇంక అనుమానమేముంది?

అన్నయ్య వాల్వు విప్పి ఇచ్చాడు, మసి నేనే కడిగాను. సోమవారం పొగ పరీక్ష ఇక్కడే చేయించాం. పాసైంది! మీ వ్యాపారానికి ఢోకా లేదు. బాగున్నంతకాలం దాన్ని అమ్మొద్దు.

ఇట్లు,
మీ ఆవిడ

తా.క.: వాల్వు మీద కోపం పోయింది, మీ ఇద్దరి మీద పోలేదు. అన్నయ్య చెవులు పట్టుకుని గుంజీలు తీశాడు. మీరు నన్ను పేరుపెట్టి పిలుస్తూ, "అది" అన్న మాట ఒక్కటీ లేకుండా, రమ్మని ఉత్తరం రాయండి. అందాకా నేను రాను. అది కూడా రాదు.