కంచం వేరు

రేపల్లె,
జూన్ 9, 2024

ప్రియమైన అక్కకి,

ఫోన్ ఉండగా ఉత్తరమేంటే అని నవ్వకు. రెండు గదుల ఇల్లు, గుసగుసలాడినా అత్తయ్యకి వినిపిస్తుంది. జవాబు నా స్నేహితురాలు ఫిర్దోస్ కుట్టు షాపుకి రాయి, తను తెచ్చిస్తుంది.

పెళ్ళయి ఏడాదైనా కాలేదు, మీ మరిది కంచం వేరు పెట్టుకున్నారు. గ్లాసు, దువ్వెన, తువ్వాలు కూడా వేరే. "ఒకే కంచం, ఒకే మంచం అన్నారుగా, ఇదేంటి?" అని దెప్పాను. "నెమ్ము చేసింది, నీకు అంటకూడదు" అన్నారు. మంచం మాత్రం ఒకటేలే, కంగారుపడకు. రొయ్యల చెరువుల దగ్గర మోటార్లు బాగుచేసే మనిషికి ఇంత శుభ్రం ఎక్కణ్ణుంచి వచ్చిందో. రోజూ పడుకునే ముందు వక్కపొడి డబ్బాలోంచి ఒక బిళ్ళ తీసి మింగుతారు. నిజాంపట్నం వైపు పనికెళ్తే నాలుగేసి రోజులు ఆ డబ్బా ఇంట్లోనే ఉండిపోతుంది. నాకు అంటకూడదని ఇంత జాగ్రత్తా! నామీద ఇంత ప్రేమ ఉందనుకోలేదక్కా.

నీ శరణ్య

బాపట్ల,
జూన్ 14

ప్రియమైన శరణ్యా,

నీ ఉత్తరం ఆసుపత్రి డ్యూటీలోనే చదివాను. నెమ్ము మందుని వక్కపొడి డబ్బాలో ఎవరూ దాచుకోరే. నా అనుమానం తప్పయితే మరిది ఫణికి క్షమాపణ చెప్పుకుంటాను. అది హెచ్‌ఐవి బిళ్ళేమోనని నా భయం.

సిగ్గుపడకుండా చదువు. అది కంచం వల్ల రాదు. గ్లాసు, తువ్వాలు వల్లా రాదు. కండోమ్ లేకుండా కలిస్తే వస్తుంది. రోజూ మానకుండా బిళ్ళ వేసుకుని, రక్తపరీక్షలో వైరస్ కనిపించనంతగా అణిగితే భార్యకి అంటదు. ఇలా నాలుగేసి రోజులు మానేసేవాళ్ళ విషయంలో ఆ భరోసా లేదు. తెనాలి ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి పరీక్ష చేయించుకో, డబ్బు తీసుకోరు, పేరు బయటపెట్టరు. ఈలోపు కండోమ్ లేకుండా దగ్గరికి రానివ్వకు. నా మాట విను తల్లీ.

నీ అక్క అనుపమ

రేపల్లె,
జూన్ 20

అనుపమక్కకి,

అడిగాను. నెమ్మేనని వాళ్ళమ్మ మీద ఒట్టేశారు. "నీకేమీ కాకూడదనే కదా, కంచం కూడా ముట్టనివ్వట్లేదు" అంటుంటే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత జాగ్రత్తపడే మనిషిని ఎలా అనుమానించను? నర్సులకి ఎవరిని చూసినా పెద్ద రోగాలే కనిపిస్తాయి కాబోలు. ఇంకెప్పుడూ ఇలాంటివి రాయకు.

శరణ్య

తెనాలి,
సెప్టెంబర్ 3

ప్రియమైన అక్కా,

ఆసుపత్రి ఎదురుగా టీకొట్టు బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. నాకు మూడో నెల. కడుపుతో ఉన్నవాళ్ళకి చేసే పరీక్షల్లో బయటపడింది. నాకూ ఉంది.

అతనికి ఏప్రిల్లోనే తెలుసట. మందు ఇచ్చిన రోజు అన్నీ వివరంగానే చెప్పారట, తల వంచుకుని కూర్చున్నాడట, ఒక్క మాటా చెవికెక్కలేదట. ఇవాళ కౌన్సెలర్ ముందు ఏడ్చాడు. "కంచం వేరు పెట్టుకున్నానండి, గ్లాసు కూడా తాకనివ్వలేదండి, మరి ఈవిడకి ఎలా వచ్చిందండి?" అన్నాడు. నెమ్మన్నది అబద్ధమేగానీ, ఇది అబద్ధం కాదక్కా. నిజంగానే కంచంతో సరిపోతుందనుకున్నాడు.

నాకు ఎప్పుడు అంటుకుందో చెప్పలేమన్నారు. కడుపు మాత్రం నీ ఉత్తరం వచ్చాకే పడింది. ఆ సంగతి తలుచుకుంటే గుండె మండిపోతోంది.

ఇవాళ్టి నుంచే బిళ్ళలు మొదలుపెట్టారు. ఒక్కరోజూ మానకపోతే బిడ్డకి రాకుండా చాలావరకు ఆపొచ్చన్నారు. మానను. కాన్పుకి నీ దగ్గరికే వస్తాను, రానిస్తావుగా?

ఇంటికెళ్ళగానే అతని కంచం, గ్లాసు మావాటిలో కలిపేస్తాను. మంచం వేరు వేయిస్తాను. రోగానికి భయపడి కాదు.

నీ మాట వినని చెల్లెలు,
శరణ్య