నాలుగో నంబరుకు ఇచ్చిన బంతి

రాస్ అల్ ఖైమా,
జనవరి నెలాఖరు, బుధవారం.

అన్నకు తమ్ముడు దస్తగిరి సలాం.

ఇక్కడ చలి దిగింది. పొద్దున క్వారీ అంతా పొగమంచులో మునిగి ఉంటుంది. ఎదుటి లారీ లైట్లు కూడా కనబడవు. అందుకని మంచు తేలేదాకా బండ్లు కదపవద్దన్నారు. ఈ రోజు కూడా షావల్ ఎక్కి, ఇంజను వేసుకుని కాసేపు ఊరికే కూర్చున్నాను. ఎండ వచ్చాక మొదలుపెట్టి సాయంత్రం దాకా లారీలకు రాయి ఎత్తాను. రాయంతా దుబాయ్‌కే పోతోంది. అక్కడ సముద్రంలో పోసి దాని మీద ఇళ్ళు కడతారట. ఎంత పోసినా చాలడం లేదు.

నేను బాగున్నాను. దగ్గు పూర్తిగా తగ్గింది, వదినకు చెప్పు. ఆమె పంపిన కారప్పొడి ఇంకా ఉంది. అమ్మ మోకాలు ఎట్లా ఉంది? బోరులో నీళ్ళు ఈ ఏడాది వేసవిదాకా వస్తాయా? శనక్కాయ గింజ పట్టిందో లేదో నువ్వు చెప్పనే లేదు. నా గురించి దిగులు పడవద్దు. అన్నం దొరుకుతోంది, పని ఉంది, ఒళ్ళు బాగుంది.

పోయినసారి ఫోన్‌లో నువ్వు మన ఇంటి చిన్నోడు ఫక్రూ సంగతి అడిగావు. కార్డు అయిపోయి మాట మధ్యలో తెగింది. వాలీబాల్‌లో కాలేజీకంతా పేరు తెచ్చుకున్నాడు, మీ కంపెనీ టీములో పెట్టుకుంటారా, అక్కడ నిలబడగలడా అన్నావు. ఔననో కాదనో ఒక్క మాటలో చెప్పేది కాదు. ఇక్కడికి వచ్చిన ఒక కుర్రవాడి సంగతి రాస్తాను. చదివి నువ్వే ఆలోచించు. వాడికి కూడా చదివి వినిపించు.

మా కంపెనీకి ఒక టీము ఉంది. చలికాలంలో శుక్రవారాలు కంపెనీల మధ్య టోర్నమెంటు జరుగుతుంది. మా పెద్ద మేనేజరుకు, ఇక్కడ ముదీర్ అంటారు, ఆ ఆటంటే ప్రాణం. ఆడేవాళ్ళకు పైకి ఏదో ఒక పని రాస్తారు గానీ, వీసా ఇచ్చేది ఆట కోసమే. చలికాలం మొదట్లో నెల్లూరు వైపు నుంచి శీను అనే కుర్రవాణ్ణి పిలిపించారు. ఫక్రూ లాగే లిఫ్టరు. యూనివర్సిటీ టీముకు ఆడాడు. వచ్చేటప్పుడు కాలేజీలో దండలు వేసి, బస్టాండు దాకా ఊరేగించారట. కానీ కంపెనీ వీసా ఇవ్వలేదు, విజిట్ వీసా మీద తెచ్చారు. బక్రీదుకు టోర్నమెంటు అయిపోతుంది, అప్పటిదాకా చూస్తాను, బాగుంటే వీసా, లేకపోతే టికెట్టు అని ముదీర్ ముందే చెప్పాడు. తెలుగువాడని నా గదిలోనే మంచం ఇచ్చారు.

వాడి ఆట నేను క్యాంపు వెనక మట్టిలో ప్రాక్టీసు చేసేటప్పుడు చూశాను. అన్నా, లిఫ్టరంటే బంతిని ఎత్తి పెట్టేవాడని మనం అనుకుంటాం. వీడు అట్లా కాదు. బంతి వేళ్ళ మీదికి వచ్చేదాకా ఎటు పోతుందో మనకు తెలియదు. ముందుకు అనుకుంటే వీపు వెనక్కి పోతుంది. అవతల అడ్డం ఎగిరేవాళ్ళు ఒక పక్కకు పోతే, కొట్టేవాడు ఇంకో పక్క ఒంటరిగా ఉంటాడు. మా టిప్పర్ డ్రైవరు గుల్‌ఖాన్, పెషావర్ పఠాను, తాటిచెట్టంత మనిషి, వీడిచ్చిన బంతులు కొట్టీ కొట్టీ నవ్వుతూ కింద కూర్చున్నాడు. "ఏ తో జాదూగర్ హై" అన్నాడు, వీడు మంత్రగాడని.

మొదటి మ్యాచ్ ఉమ్ అల్ క్వైన్ ఇటుకల ఫ్యాక్టరీతో. అందులో ఆ మంత్రమేమీ కనబడలేదు.

మా కెప్టెన్ మాత్యూ చేట్టన్, చేట్టన్ అంటే వాళ్ళ భాషలో అన్న. క్రషర్‌కు ఫోర్‌మన్. యాభై దాటిన మనిషి, కేరళ ఆయన, ఈ కంపెనీలో అందరికంటే పాతవాడు. నెట్ దగ్గర ఎడమ చివర, నాలుగో నంబరులో నిలబడి కొడతాడు. ఒకప్పుడు ఆయన కొడితే బంతి మళ్ళీ లేచేది కాదని చెబుతారు. ఆయన అరవడు. బంతి కావాలంటే చెయ్యి కొంచెం పైకెత్తుతాడు, అంతే. ఆ రోజు ఆయన చెయ్యి ఎత్తిన ప్రతిసారీ శీను బంతి అటే పోయింది. ఎత్తనప్పుడు కూడా చాలాసార్లు అటే పోయింది. అవతలి వాళ్ళు కాసేపు చూసి, ముగ్గురూ వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడ్డారు. ఇక వాళ్ళకు పరుగెత్తే పని లేకపోయింది. గుల్‌ఖాన్ ఇటు చివర ఒంటరిగా ఎగిరెగిరి, "అరే కాలేజ్ బాబూ, మై భీ తో ఖడా హూ!" అని, నేనూ ఇక్కడ నిలబడే ఉన్నానని మొత్తుకున్నాడు. బంతి శీను చేతికి వస్తే చాలు, చూసేవాళ్ళు చప్పట్లు కొడుతూ "ఫోర్‌మన్ కో దేగా! ఫోర్‌మన్ కో దేగా!" అని పాట ఎత్తుకున్నారు. బంతి ఫోర్‌మన్‌కే పోయేది. వాళ్ళు ఇంకా నవ్వేవాళ్ళు. ఓడిపోయాం.

గదికి వచ్చాక అడిగాను. "ఏమప్పా శీనూ, గుల్‌ఖాన్ వట్టిగా నిలబడుంటే నీకు కనపల్లేదా?"

"ఎందుకు కనపళ్ళేదన్నా, కనపడ్డాడు. పెద్దాయన చెయ్యి లేపితే ఈకుండా ఎట్టా ఉండేది? తెల్లారి బెల్టు కిందకి పోవాల్నా, స్టోరుకి పోవాల్నా అని చెప్పేది ఆయనే గదా."

"నిన్ను ఎప్పుడన్నా బెల్టు కిందికి పంపిచ్చినాడా?"

"లేదన్నా. ఒక్కరోజు గూడా పంపలా. అదేనన్నా నాకు ఇంకా భయం."

బెల్టు కింద అంటే క్రషర్ అడుగున సొరంగం లాంటి చోటు. రాలిన రాయిని పారలతో ఎత్తాలి. ఊపిరంతా దుమ్మే. అక్కడికి ఎవరు పోవాలో రోజూ పొద్దున మాత్యూ చేట్టన్ చెబుతాడు. పగలంతా తల వంచుకుని ఎవరిని సాబ్ అంటాడో, ఆయనే సాయంత్రం చెయ్యెత్తితే చూడనట్టు తల తిప్పుకోవడం ఎట్లా? కాలేజీలో ఈ ఇబ్బంది లేదు. "ఆడ మా సారే వచ్చి నాకియ్యరా అన్నా ఈయన్నా నేను. నా ఇష్టం" అన్నాడు శీను.

రెండు రోజుల తర్వాత టీ వేళకు మాత్యూ చేట్టన్ వాణ్ణి పిలిచాడు. నేనూ, గుల్‌ఖానూ అక్కడే ఉన్నాం. ఆయన మాట్లాడేది హిందీ, నేను తెలుగులో రాస్తున్నాను.

"నాకు బంతి ఇస్తే మర్యాద చేసినట్టు అనుకుంటున్నావా?"

"లేదు సాబ్."

"ముగ్గురు చేతులు లేపుకుని నా కోసమే నిలబడి ఉన్నారు. నువ్వు తీసుకెళ్ళి వాళ్ళ చేతుల్లో పెడుతున్నావు నన్ను. ముదీర్ కుర్చీ వేసుకుని చూస్తున్నాడు. మాత్యూ ముసలివాడైపోయాడు అనుకోడా? నా వీసా కూడా ఈ బక్రీదుతో అయిపోతుంది. తెలుసా నీకు?"

"తెలీదు సాబ్."

"మళ్ళీ సాబ్! నెట్ దగ్గర సాబ్ ఎవడు? ఖాళీగా ఎవడుంటే వాడికి ఇవ్వు. చెయ్యెత్తడం నాకు అలవాటు, ఎత్తుతాను. నువ్వు చూడొద్దు. ఖలాస్. యల్లా, పనికి పో."

"సాబ్, అతను చూడకపోతే నేను చూసుకుంటాను, ఆ బంతులు నాకు ఇప్పించండి" అని గుల్‌ఖాన్ అన్నాడు. మాత్యూ చేట్టన్ నవ్వలేదు. కప్పు కడిగి పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి మ్యాచ్‌లలో శీను తన ఆట ఆడాడు. గుల్‌ఖాన్ చేతులు ఎర్రబడేదాకా కొట్టాడు. మాత్యూ చేట్టన్‌కు కొన్నే బంతులు అందాయి, కానీ ఆయన ఎదుట ఒక్కడో, ఎవడూ లేకుండానో ఉన్నప్పుడు అందాయి. వాటిని తేలిగ్గానే దించాడు. అందరమూ సంతోషపడ్డాం. క్యాంపులో మెస్‌వాడు శీనుకు అడగకుండానే రెండో గుడ్డు వేసేవాడు. మొదటి మ్యాచ్ పోయినా మొత్తం పాయింట్ల మీద ఫైనల్‌కు వచ్చేశాం.

బక్రీదు మరుసటి సాయంత్రం ఫైనల్. దుబాయ్ ట్రాన్స్‌పోర్టు కంపెనీ టీము. వాళ్ళ లిఫ్టరు తన దేశం తరఫున ఆడినవాడట. అయినా మనవాడు తగ్గలేదన్నా. చెరి రెండు సెట్లు గెలిచి ఆఖరి సెట్టులో కూడా పక్కపక్కనే నడిచారు. చివరికి వచ్చేసరికి, అందరికీ తెలుసు, బంతి గుల్‌ఖాన్‌కే పోవాలి. వాళ్ళ ఇద్దరు బ్లాకర్లు అటే జరిగారు. శీను ఒళ్ళంతా అటే తిప్పాడు. బంతి మాత్రం వెనక్కి, నాలుగో నంబరుకు పోయింది. ఎదుట ఒక్కడే ఉన్నాడు, వాడూ ఇంకా కాలు ఎత్తలేదు. అంత మంచి బంతి ఆ రోజు ఎవరికీ దొరకలేదు. మాత్యూ చేట్టన్ పరుగెత్తి ఎగిరాడు. ఎగరవలసినంత ఎగరలేదు. బంతి నెట్‌కు తగిలి మా వైపే పడింది. తర్వాతి పాయింటుతో వాళ్ళు గెలిచారు.

బస్సు దిగేటప్పుడు మాత్యూ చేట్టన్ శీను సీటు దగ్గర ఆగాడు. "బంతి బాగుంది. నేనే అందుకోలేదు" అని దిగిపోయాడు.

మరునాడు ముదీర్ శీనును ఆఫీసుకు పిలిచాడు. ఆఖరి బంతి ఎందుకు అటు ఇచ్చావు, ఫోర్‌మన్ అనా అని అడిగాడట. వీడు లేదన్నాడు. అటు ఒక్కడే ఉన్నాడు, ఎవరైనా అటే ఇవ్వాలి అన్నాడు. ముదీర్ తల ఊపి, "నేనూ చూశాను. జైన్" అన్నాడట. జైన్ అంటే బాగుందని. విజిట్ మార్చి కంపెనీ వీసా ఇమ్మని అక్కడికక్కడే క్లర్కుకు చెప్పాడు.

వీడు గదికి వచ్చి ఈ సంగతి చెబితే నేను మిఠాయి తెమ్మన్నాను. తేలేదు. మంచం మీద కూర్చుని, "బంతి సరైందే అంటే తప్పు ఎవుర్దని అర్థం అన్నా?" అన్నాడు. మళ్ళీ తనే, "భయపడి ఇచ్చానని చెప్పుంటే సరిపోయేదేమో" అన్నాడు.

"అట్ల చెప్పుంటే నువ్వు పోతాంటివి."

"పోతుంటిని" అన్నాడు.

ఇది జరిగి కొన్ని రోజులైంది. వీడి పాస్‌పోర్టు మీద వీసా పడింది. మాత్యూ చేట్టన్ పాస్‌పోర్టు ఇంకా ఆఫీసులోనే ఉంది. ఏమైందని అడగడానికి మాకు నోరు రాదు. ఆయన రోజూ లాగే పొద్దున వచ్చి ఎవరెవరు ఎక్కడికి పోవాలో చెబుతున్నాడు. నిన్న శీను తనంతట తానే బెల్టు కిందికి పోతానన్నాడు. ఆయన ఒప్పుకోలేదు. "నీ వేళ్ళు అక్కడ పనికిరావు" అని స్టోరుకే పంపాడు.

అన్నా, నువ్వు అడిగినదానికి నాకు తెలిసినంత చెబుతాను. ఫక్రూకు ఆట చాలదా అంటే చాలుతుంది. శీనుకు చాలింది. కాలేజీలో నేర్చిన చెయ్యి ఎక్కడికీ పోదు. కాకపోతే అక్కడ వాడు ఎవరికి బంతి ఇచ్చినా, ఇవ్వకపోయినా ఆట అయ్యాక అందరూ తమ ఇళ్ళకు పోతారు. ఇక్కడ అట్లా కాదు. వాడి చోటు కోసం ఇంకొకరు చోటు ఖాళీ చేయాల్సి రావచ్చు. రేపు వాడికంటే మంచివాడు వస్తే వాడూ ఖాళీ చేయాలి. అది తట్టుకుంటాడా అన్నది నువ్వు దగ్గర ఉన్నావు, నీకే తెలియాలి. నేను రావద్దని అనడం లేదు. డిగ్రీ పరీక్షలు మాత్రం రాయకుండా రావద్దని నా మాటగా చెప్పు. ఆపైన వస్తానంటే ముదీర్‌తో నేను మాట్లాడతాను.

మన పక్క ఊరి రామాంజులు సెలవు మీద వస్తున్నాడు. ఫక్రూకు బూట్లు, అమ్మకు రగ్గు అతని చేత పంపుతున్నాను. అతను తిరిగి వచ్చేటప్పుడు ఉలవలు, కొంచెం చింతపండు పంపించు. ఇక్కడి చింతపండులో పులుపు లేదు. పిల్లల ఫోటో ఒకటి పెట్టు, చిన్నది నడుస్తోందట కదా. నేను బాగున్నానని అమ్మకు మళ్ళీ చెప్పు, ఒకసారి చెబితే ఆమె నమ్మదు.

అమ్మ కాళ్ళకు నా సలాం. వదినకు, మామకు, మసీదు దగ్గర పెద్దలందరికీ నన్ను గుర్తు చెయ్యి. నమాజులో నా కోసం, ఆ నెల్లూరు కుర్రవాడి కోసం కూడా దువా చెయ్యమని అమ్మతో చెప్పు. నీ దీవెన ఉంటే నాకు ఏ కొరతా లేదు.

నీ తమ్ముడు,
దస్తగిరి

తా.క. రామాంజులు సెలవు వెనక్కి జరిగి ఈ ఉత్తరం నా దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు ఇస్తున్నాను. మాత్యూ చేట్టన్ నిన్న, గురువారం మధ్యాహ్నం, షార్జాలో విమానం ఎక్కి వెళ్ళిపోయారు.