పేరు మీద టేపు

కాపెల్, నవంబర్ 2009, బుధవారం రాత్రి

సాయంత్రం మా సాహితి తన బేస్‌బాల్ జెర్సీని డైనింగ్ టేబుల్ మీద పరిచి, వెనక ఉన్న ఆటగాడి పేరు మీద తెల్ల టేపు అంటించింది. మేం అభిమానించే టీమ్ ఎప్పటినుంచో ఓడిపోతూనే ఉంది. బాగా ఆడేవాడు అతనొక్కడే. కాంట్రాక్టు అయిపోగానే అతను కూడా వేరే ఊరి టీమ్‌కి వెళ్ళిపోయాడు. ఫ్రీ ఏజెన్సీ అంటే అదేనట.

పేరు కప్పేసి నంబర్ ఎందుకు వదిలేసిందో అర్థం కాక అడిగాను.

"నంబర్ టీమ్‌ది, డాడీ. నేమ్ ఒక్కటే అతనిది."

తొమ్మిదేళ్ళ పిల్లకి ఈ న్యాయం ఎవరు నేర్పారో. మా గుంటూరులో క్రికెటర్ మీద కోపమొస్తే దిష్టిబొమ్మ తగలబెట్టేవాళ్ళు. ఇక్కడ టేపుతో సరిపెడుతున్నారు. పీకేస్తే పేరు మళ్ళీ కనిపిస్తుంది. అందుకేనేమో...

"కాంట్రాక్ట్ అయిపోయింది కదమ్మా, వెళ్ళడం తప్పేం కాదు," అన్నాను.

"వెళ్ళొచ్చు. బట్ మాకు ముందు చెప్పాలి కదా. నేను న్యూస్‌లో చూశాను."

స్టేడియంలో ఎక్కడో పై వరసలో కూర్చునే పిల్లకి అతను ఎలా చెప్తాడు? అదే అడగబోయి ఆగిపోయాను. ఆ ఆటగాడికి సాహితి ఎవరో తెలియదు. నాకు తెలుసు.

వేరే రాష్ట్రంలో ఉన్న హెర్న్‌డన్‌లో ఉద్యోగానికి ఒప్పుకుని వారం దాటింది; అందరం ఇల్లు మారాలి. "పిల్లకి మీరే చెప్పండి," అని మా ఆవిడ రమ రోజూ అంటూనే ఉంది.

టేపు చుట్ట ఇంకా టేబుల్ మీదే ఉంది. తీసి దాచేద్దామనుకుని, ఎందుకో అక్కడే వదిలేశాను.