పగటిపూట ఆగిపోయే కంప్యూటర్

వర్తూరు, బెంగళూరు

చెల్లెలు సుజాతకు అన్న రామాంజులు ఆశీస్సులతో రాస్తున్నది. నేను కులాసాగా ఉన్నాను, దిగులు పడవద్దు. నువ్వు, పిల్లలు ఎలా ఉన్నారు? బావగారి దగ్గు తగ్గిందా? ఇక్కడ రోజూ సాయంత్రం వాన. హోటలు సాంబారులో వేసే బెల్లం ఇంకా అలవాటు కాలేదు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో అపార్ట్‌మెంట్ల జనరేటర్లు చూసే పని అలాగే సాగుతోంది. ఫోనులో నాకు మాటలు రావని నీకు తెలుసు కదా, అందుకే ఈ ఉత్తరం.

పెళ్లి ఆల్బమ్‌ల కోసం నువ్వే బిగించుకున్న కంప్యూటర్ వేగం పెంచవచ్చా అని అడిగావు. పెంచవచ్చు. కాని ఎవరి మాటా నమ్మకు. వీడియోల్లో చెప్పే అంకెలు వాళ్ల ఏసీ గదులవి. అదే రకం ప్రాసెసరైనా నీది అంత మోయకపోవచ్చు. అసలు నీ ప్రాసెసర్, మదర్‌బోర్డు వేగం పెంచనిచ్చే రకమేనా? షాపువాడు ఔనన్నా సరే, పెట్టె మీద నువ్వే చదువు. ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు బఠాణీ గింజంత చాలు. వేగం ఒక్కొక్క మెట్టే పెంచు. ప్రతి మెట్టుకూ కంప్యూటర్ మీద పూర్తి భారం మోపే పరీక్ష గంటల తరబడి నడిపి, వేడి ఎంతో రాసుకో. వోల్టేజీ జోలికి ఇప్పుడే పోవద్దు. షాపుల్లో క్యాబినెట్‌కు రంగుల దీపాలు అంటగడతారు, వాటితో వేగం పెరగదు. నేను మోసపోయి నా కంప్యూటర్‌కు నాలుగు పెట్టించుకున్నాను.

జనరేటర్ రీడింగుల్లాగే కంప్యూటర్ వేడిని కూడా రోజూ పుస్తకంలో రాస్తాను. పరీక్ష పెట్టి పనికి వెళ్తే, సాయంత్రానికి ఆగిపోయి ఉండేది. నా సెలవు రోజున మాత్రం ఒక్కసారీ ఆగలేదు. మొదట షాపువాడు పాత పవర్ సప్లై అంటగట్టాడనుకున్నాను. తర్వాత వెంకటేశు మీద అనుమానం వచ్చింది. నా గదిలోనే ఉండే ముళబాగిలు కుర్రవాడు, రాత్రంతా క్యాబ్ నడిపి పగలు పడుకుంటాడు. లోపలి భాగాలు మారుస్తున్నాడేమోనని క్యాబినెట్ మరల మీద కాగితం అంటించి చూశాను. అది చిరగలేదు. అయినా అనుమానం పోలేదు, అడిగేశాను.

"నేను డబ్బా విప్పలేదప్పా. నన్ను దొంగంటావా?" అన్నాడు.

నెలాఖరుకి వేరే గది చూసుకోమన్నాను. సరేనని తల వంచుకున్నాడు.

మొన్న బుధవారం చెప్పకుండా మధ్యాహ్నమే గదికి వచ్చాను. నడుస్తున్న కంప్యూటర్ మీద, దుమ్ము పడకుండా నువ్వు కుట్టి పంపిన గుడ్డ కప్పి ఉంది. కింద గాలి ఆడక క్యాబినెట్ కాలిపోతోంది. గుడ్డ లాగగానే దీపాల వెలుగు పడి వెంకటేశు లేచాడు.

"ఆ రంగులు కండ్లల్లో పొడస్తా ఉండాయన్నా, నిద్రే పట్టదు. గుడ్డ కప్పితే డబ్బా విప్పినట్టా? నువ్వొచ్చేలోగా తీసి మడిచి పెడతా ఉంటి."

"చెప్పొచ్చు కదా?"

"నువ్వు నోరు తెరిస్తే కదా నేను తెరిచేది! మీ చెల్లెలు భలే మందంగా కుట్టినాదన్నా, చుక్క వెలుతురు రాదు."

నాకు నవ్వు రాలేదు. నా సెలవు రోజుల్లో అతను కళ్లకు తుండుగుడ్డ కట్టుకుని పొర్లడం నేను చూశాను. పుస్తకంలో రాసింది మాత్రం వేడి ఒక్కటే. దీపాల వైర్లు నాలుగూ పీకేశాను. క్షమించమనడానికి నోరు రాక టీ పెట్టి ఇచ్చాను.

"మరి నెలాఖరు మాట?" అన్నాడు గ్లాసు అందుకుంటూ.

"ఆ మాట వదిలెయ్" అన్నాను.

తల ఊపాడు. వదిలేశాడో లేదో ఇంకా తెలియదు. అతని పెట్టె ఇప్పటికీ సర్ది గోడ పక్కనే ఉంది.

నీ కంప్యూటర్ ఆగిపోతే ముందు గాలి ఆడుతోందో లేదో చూడు, తర్వాత ఇంట్లో వాళ్లను మెల్లగా అడుగు. షాపువాణ్ణి ఆఖరున అనుమానించు, అనుమానించడం మాత్రం అసలు మానవద్దు.

ఒక చిన్న పని. ఆ గుడ్డే ఇంకా మిగిలి ఉంటే కిటికీకి తెర కుట్టి పంపు. వెడల్పు నాలుగడుగులు, ఎత్తు మూడున్నర. వెంకటేశు నిద్ర లేవకుండా రెండుసార్లు కొలిచాను. నెలాఖరులోపు అందేలా చూడు.

పెద్దమ్మ కాళ్లకు నా దండాలు, ఆమె దీవెన నాకు కావాలి. బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

నీ మేలు కోరే అన్న
రామాంజులు