నాలుగు వేళ్ల తల్లి

బావగారికి,

సిల్కీ కోళ్ల సంఘం కార్యదర్శి హోదాలో మీరు పంపిన నోటీసు అందింది. ఈ జాతికి కాలికి అయిదు వేళ్లుండాలట, మా పెట్ట దూదిపింజకు నాలుగే కనుక ప్రదర్శనకు పనికిరాదట! పుట్టుకతో యోగ్యత తేల్చే పెద్దమనుషుల్ని ముప్పై ఏళ్లుగా వ్యాసాల్లో ఏకిపారేస్తున్నాను. చివరికి ఇంట్లోనే ఒకరు తేలారు.

మీ బహుమతుల కోడి పొదగడం మధ్యలో మానేసిన రోజున, "బామ్మర్దీ, ఈ గుడ్లు నువ్వే కాపాడాలిరా" అంటూ బుట్టతో పరుగెత్తుకొచ్చిందెవరు? దూదిపింజ కింద పెట్టేటప్పుడు దాని వేళ్లు లెక్కపెట్టారా?

ఆ గుడ్లలోంచి వచ్చిన ఆరు పిల్లలకూ అయిదేసి వేళ్లే. ఆదివారం ప్రదర్శనకు వాటి పేర్లు రాయించారట, సంతోషం. తల్లి రెక్క కిందనుంచి మాత్రం ఒక్కటీ కదలదు. లాగి చూసిన అక్క చేతికి కట్టు కట్టాం. అందుకే ఏడింటికీ కలిపి అక్క ఒకే గంప సిద్ధం చేసింది. ఎవరిని ఆపుతారో గుమ్మం దగ్గర మీరే తేల్చుకోండి.

కోపం తగ్గని,
మీ బావమరిది