మలుపుల దగ్గర ఏం చెయ్యాలో

అన్నయ్యకి వందనాలు. నా రాత బాగుండదు, తప్పులుంటే సర్దుకుని చదువుకో. ఇక్కడ అమెరికాలో, చాండ్లర్‌లో అందరం బాగున్నాం. మనవరాలు షారన్ సెప్టెంబరులో స్పెయిన్ దేశం వెళ్ళి, అక్కడ ఒక్కతే మోటారు సైకిల్ మీద తిరుగుతుందట. పెద్ద రోడ్లన్నీ వదిలేసి, మ్యాపులో కొండదారులే గీసుకుంది. నాకు నిద్ర పట్టడం లేదు.

"హైవే మీద పోరాదా అమ్మా" అన్నాను.

"హైవేలో చూడ్డానికి ఏముంది తాతా? నీకు సైకిలు కూడా రాదుగా" అని నవ్వింది.

నువ్వు ముప్పై ఏళ్ళు ఘాట్ రోడ్డులో బస్సు నడిపావని చెప్పాను. నవ్వు ఆపి, "ఆ తాత చెబితే వింటా" అంది. మ్యాపు అంచున నీ మాట రాసుకోడానికి చోటు కూడా వదిలింది.

కంటి పొర తీయించావా? లేకపోతే వదిన చేత రాయించు. మలుపుల దగ్గర, వానలో ఏం చెయ్యాలో అంతా చెప్పు. ఫోనులో నాకు మాట పెగలదు. పిల్ల బయల్దేరేలోగా అందాలి, వెంటనే జవాబు రాయి.

తమ్ముడు ఏసుపాదం